బహార్ ఎవరి జాగీర్?

మొయినాబాద్ రోడ్డు పక్కన విరగబూసిన మోదుగు ఫోటో ఖాందాన్ గ్రూపులో పెట్టి ‘బహార్ ముబారక్’ అని రాశాను. జవాబు దమ్మామ్ నుంచి వచ్చింది, మా మామూ కొడుకు దగ్గర్నుంచి. ‘భాయ్‌జాన్, అది హోలీ పువ్వు, ఉగాది మౌసమ్. మనకేం తాల్లుఖ్?’ దాని కింద నాలుగు బొటనవేళ్లు.

తాల్లుఖ్ ఏంటో చెప్తాను, వినండి.

నేను చేవెళ్లలో ఉర్దూ మీడియంలో చదివాను. కితాబులో బహార్ అంటే గులాబ్, బుల్బుల్, ఈరానీ బాగ్. కిటికీ బయట మోదుగు మండుతుంటే దాని పేరు నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ పేరు నాకు తెలుగు డిగ్రీలో దొరికింది.

తర్వాత జిద్దాలో నాలుగేళ్లు నౌకరీ. అక్కడ మార్చి వచ్చిందని ఏసీ చెప్పాలి. ఒక జుమ్మా రోజు దోస్తులు తాయిఫ్ తీసుకుపోయారు. అల్ హదా ఘాట్ ఎక్కితే గులాబ్ తోటలు. తెల్లవారుజామునే పూలు కోసి, దేగ్‌లలో కాచి అర్ఖ్ తీస్తారు. సుబ్‌హానల్లాహ్ అన్నాను. కానీ నా ముక్కు వేపపూత కోసం వెతికింది. తాయిఫ్ వాళ్లు తమ గులాబ్‌ను చూసి ఫఖర్ పడితే ఎవరూ ఫత్వా అడగరు. మరి నా మోదుగుకెందుకు సర్టిఫికెట్?

ఇంకో మాట. అరబీలో రబీ అంటే బహార్. రబీ ఉల్ అవ్వల్‌లో ఉన్నది ఆ లఫ్జే. చాంద్ లెక్క కాబట్టి ఆ నెల ఏటా దాదాపు 11 రోజులు ముందుకొస్తూ మౌసములన్నీ తిరుగుతుంది. అదే లఫ్జ్ మన పొలాల్లో మాత్రం స్థిరపడిపోయింది. మనం యాసంగి అనే పంటే సర్కారీ కాగితాల్లో రబీ. అరబీ మాటే ఈ మట్టిలో కలిసిపోతే మనమెందుకు గట్టు మీద నిలబడాలి? హైదరాబాద్‌ను బసాయించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా బసంత్ మీద దఖనీలో నజ్మ్‌లు రాశాడు. ఆయన్ని ఎవరూ కలమా చదివి చూపించమనలేదు.

నా అసలు రంజ్ వేరే. మనది కాదు అనుకున్నదాన్ని అమ్మడం ఆసాన్. దమ్మామ్ వీసా కోసం మామూ మొయినాబాద్ దగ్గర ఎకరం అమ్మాడు. ఇప్పుడక్కడ కాంపౌండ్ గోడ, గేటు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల హిఫాజత్ కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలకు కాపలా ఉండేది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. మనవాళ్లు మాట్లాడుకున్నది గజం ధర గురించి. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు దాదాపు 900. రోడ్డు వెడల్పు పేరుతో వాటి మీద గొడ్డలి వేలాడుతుంటే కొందరు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. వాళ్ల పక్కన మనం నిలబడ్డామా? నేను నిలబడలేదు. పరదేశంలో ఉన్నానని బహానా చెప్పుకున్నాను.

పరదేశంలో కూర్చొని వతన్ యాదొస్తోందని స్టేటస్ పెట్టడం, ఆ వతన్ చెట్టును పరాయిదనడం, రెండూ ఒక నోటితో కుదరవు.

తమ్మీ, ఈసారి ఛుట్టీకి వచ్చినప్పుడు పిల్లల్ని మాల్‌కు తర్వాత తీసుకుపో. ముందు ఫజర్ కాగానే చేవెళ్ల రోడ్డుకు తీసుకురా. ఇది మర్రి, ఇది మోదుగు, ఇది వేపపూత అని వేలు పెట్టి చూపిద్దాం. నేనూ వస్తాను. మామూ ఎకరం ఎక్కడుండేదో అదీ చూపిద్దాం.