పెద్దవాళ్ళ పాటకి 192 కిలోహెర్ట్జ్ ఎందుకండీ?

బ్రిటిష్ కాలంలో తోటపనికి పెరాక్ వచ్చిన తెలుగువాళ్ళ పాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఇంట్లోనే వాళ్ళ చేత పాడించి రికార్డు చేద్దామనుకునే మనవాళ్ళు ముందుగా అడిగేది: "96 కిలోహెర్ట్జా, 192నా?"

రెండూ అనవసరమే అంటాను. మన చెవికి వినబడేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్, 44.1 గానీ 48 గానీ చాలు. పట్టుబట్టాల్సింది 24 బిట్ల దగ్గర. బిట్‌కి 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకి 96, 24కి 144 (కాగితం మీది లెక్కే అనుకోండి). అంత వెసులుబాటుంది కనుక లెవెల్ మైనస్ 12 దాటనివ్వకండి. బామ్మగారు హఠాత్తుగా గొంతెత్తినప్పుడు పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. మళ్ళీ పాడమందామంటే ఆవిడకి ఓపికుండొద్దూ?

ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు, ముందు వేవ్ ఫైలు. ఒక్క గొంతుకి మోనో చాలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో నిమిషానికి 9 మెగాబైట్లు కూడా కాదు.

ఫ్యాను ఆపండి. రేకుల మీద వాన మొదలైతే రికార్డింగ్ ఆపి తే తారిక్ తాగండి.