నామరూపజ్ఞానము - ఓషధీపరీక్ష

అరకులోయ మున్నగు తూర్పుకనుమల మన్యప్రదేశములందు బగత, కొండదొర, పోర్జ, గదబ తెగలవారు వాడు మూలికల సారములను, యాంటీబయాటిక్ మందులకు లొంగని బ్యాక్టీరియాపై పరీక్షించుట నేటి పరిశోధకులకు ఆదరపాత్రమైన విషయము. దీని ఆవశ్యకత నిస్సందేహము. పెన్సిలిన్‌ను 1928లో కనుగొనిన ఫ్లెమింగ్, చాలీచాలని మోతాదు క్రిములకు మందును సహించుట నేర్పునని 1945లోనే హెచ్చరించెను. ఆ హెచ్చరిక నేడు ఫలించినది.

అయితే పరీక్షకు ముందే తేలవలసిన ప్రశ్న యొకటి కలదు. పరీక్షింపబడునది ఏ మొక్క? నేలవేమునే చూడుడు. ఈ మాట 'భూనింబ' శబ్దమునకు సరియైన తెలుగు. నిఘంటువులు భూనింబమును కిరాతతిక్తమునకు పర్యాయముగా చెప్పును. కాని నేడు కిరాతతిక్తముగా గ్రహింపబడు స్వెర్షియా చిరాయత హిమాలయప్రాంతపు ఓషధి. మన కొండలలోని నేలవేము ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. రెండును చేదే, కుటుంబములు వేరు. గ్రంథమున ఒకదాని గుణము చదివి, ప్రయోగశాలలో మరొకదానిని పరీక్షించినచో ఆ ఫలితము గ్రంథమును సమర్థింపదు, ఖండింపదు.

కల్పనావిషయమును ఇట్టిదే. చరకుడు స్వరస, కల్క, శృత, శీత, ఫాంటములని ఐదు కషాయకల్పనలు చెప్పెను. ప్రయోగశాలలో తరచు వాడునది మిథనాల్ సారము. మన్యవైద్యుడు పసరు పిండునో, కషాయము కాచునో వ్రాసికొనని పరిశోధన అసంపూర్ణము. చైనా శాస్త్రజ్ఞురాలు తు యూయూ, మొక్కను నీట నానవేసి పిండుమన్న ప్రాచీనగ్రంథవాక్యమును గమనించి, అధికమైన వేడి తగులకుండ సారము తీసి మలేరియా మందును సాధించెను. అందులకే 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను.

"ఇవన్నియు మన గ్రంథములందున్నవే" యని మొక్కను చూడకయే పలుకు పండితులు కలరు. ఆ మాట నిరపాయకరము కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము వాణిజ్యలాభమున స్థానికులకు భాగము నిర్దేశించినది. 2023 నాటి సవరణము గ్రంథస్థమైన సంప్రదాయజ్ఞానమునకు మినహాయింపు నొసగినది. కావున తొందరపాటున చేసిన యొక పర్యాయనిర్ణయము వలన, ముఖతః మాత్రమే నిలిచిన మన్యవైద్యుని విద్య అతనిది కాకుండ పోవచ్చును.

మేకలకాపరులు, గోపాలురు, వనవాసులు ఓషధుల నామరూపముల నెరుగుదురని చరకుడే అంగీకరించెను. నామరూపజ్ఞానమాత్రము చాలదు, ప్రయోగము తెలియవలెనని కూడ చెప్పెను. మొదటి మాట మన్యవైద్యుని గౌరవింపుమనుచున్నది. రెండవది పరీక్షను సమర్థించుచున్నది. పళ్లెరమున సారపు బిళ్ళచుట్టు ఏర్పడు వలయము రోగి శరీరమున నెమ్ము కాదని శాస్త్రజ్ఞులును ఎరుగుదురు.

ప్రాచ్యకళాశాలల కర్తవ్యము స్పష్టము. వృక్షశాస్త్రజ్ఞునితో కొండకు పోయి, వైద్యుడు చెప్పిన పేరును అతని భాషలోనే వ్రాసి, మొక్క నమూనాను భద్రపరచి, ఆ పిదపనే నిఘంటువు విప్పవలెను. సామ్యము దొరకనిచో దొరకలేదని వ్రాయుటయే పాండిత్యము.