డొంకలను మ్రింగుచున్న లేఅవుట్లు

పాదచారులకు తగిన కాలిబాట యుండుట వారి జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టువారు 2025 మే నెలలో స్పష్టముగా సెలవిచ్చిరి. రాజ్యాంగమునందలి 21వ అధికరణము చదువనివారికిని ఈ విషయము తెలియనిది కాదు. రోడ్డు దాటుటకై నిలువబడి వచ్చిపోవు లారీలను లెక్కించుకొను ప్రతి ముసలమ్మయు ఎఱిగినదే. 2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదముల వలన 1,68,491 మంది మరణింపగా, వారిలో 32,825 మంది కాలినడకను పోవువారు.

పెద్దరోడ్ల ప్రక్కను కాలిబాటలు వేయవలసిన యావశ్యకతను గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేము నేడు ప్రస్తావింపదలచినది వేఱు. పట్టణముల పొలిమేరలలో, నిన్నటి మాగాణులలోను మెట్టలలోను నేడు లేచుచున్న క్రొత్త కాలనీలలో, ఉన్న బాటలే మాయమగుచున్నవి. ఇందులకు మన భూస్వాములును కొంత బాధ్యులు.

గుంటూరు ప్రాంతమున డొంక యనియు, గోదావరి మండలములలో పుంత యనియు, తెలంగాణమున బండ్లబాట యనియు పిలువబడుదానిని మా పాఠకులకు వర్ణింపనక్కఱలేదు. ఊరినుండి పొలమునకు, పొలమునుండి చెఱువునకు, చెఱువు దాటి ప్రక్కయూరి సంతకు అదియే దగ్గఱి దారి. గ్రామపటములలో నిట్టి దారులు పెక్కులు నేటికిని చూపబడియున్నవి. అవి పోరంబోకే గాని యే పట్టాదారు సొత్తును గావు. ఇక గట్లవెంబడి నడచు సన్నని కాలిదారులకు పటములో చోటు దొరకుట యరుదు. వాడుకయే వానికి దస్తావేజు.

ఒక రైతు పదియెకరముల పొలమును ఇండ్లస్థలములుగా విభజించును. చుట్టును ప్రహరీ పెట్టి, పెద్దరోడ్డు వైపున నొక గేటు నిలుపును. ప్రక్క భూమివారును అట్లే చేయుదురు. విడివిడిగా చూచిన నేప్లానులోను దోషము కనబడదు. రోడ్ల వెడల్పు సరిపోయినది, పార్కు చూపబడినది, అధికారుల ముద్ర పడినది. కాని యిట్టివి పది చేరునప్పటికి డొంక ముక్కలై, ఏ ముక్కకా ముక్క గోడల నడుమ చిక్కి, కడకు ఎవరి కారుషెడ్డు క్రిందనో కలిసిపోవుచున్నది. ఇండ్లమధ్య నడచుటకు దారి విడువవలెనని ఏ యొక్కరికిని తోచలేదు.

దీని ఫలము చూడుడు. పాఠశాల గోడ ఇంటి పెరటికి మూడువందల మీటర్ల దూరమున నున్నదనుకొందము. పిల్లవాడు అయిదు నిమిషములలో నడచిపోవచ్చును. గోడలవలన గేటునుండి గేటునకు చుట్టి పోవలసిన దూరము కిలోమీటరున్నరయైనచో, అందులో సగము లారీలు తిరుగు రోడ్డైనచో, ఏ తల్లి పంపును? తండ్రి మోటారుసైకిలు తీయును. అట్టి మోటారుసైకిళ్లు రెండువందలు చేరి బడిగేటు నొద్ద త్రోవ మూసివేయును. ఆపై రోడ్డును వెడల్పు చేయవలెనని వినతిపత్రములు సమర్పింపబడును.

దారి విడిచిన నష్టమెంత? పది యడుగుల వెడల్పున, రెండువందల యడుగుల పొడవున నొక సందు విడిచినచో పోవునది 222 చదరపు గజములు. పదియెకరములలో నున్నవి 48,400. నూటికి అర వంతైనను కాదు. గజము ధర చూచి గుండె జల్లుమనువారు, ఆ సందువలన తక్కిన స్థలములకు బడి, బస్సు, అంగడి దగ్గఱయగుటను గూడ లెక్కలో వేసికొనవలెను.

సందులు దొంగల కాశ్రయములగునని కొందఱి భయము. ఇది కొట్టిపాఱవేయదగినది కాదు. వంకరలు తిరిగి, ఎత్తైన గోడల నడుమ చీకటిలో నున్న సందు నిజముగా అపాయకరమే. ఈ కొసనుండి ఆ కొస కనబడవలెను, దీపము లుండవలెను, ప్రక్కయిండ్ల కిటికీలు దానివైపు తెఱచుకొనవలెను. మోటారుసైకిళ్ల సంగతి యింతకంటె కష్టము. చక్రముల కుర్చీ పట్టునంత యెడముంచి రాతికంబములు నాటినచో మోటారుసైకిలును దూరును. దీనికి కంబములతో చికిత్స లేదు. పోలీసువారి జరిమానాయు, కాలనీవాసుల గద్దింపును తోడు కావలసినదే.

సైకిలుబాట యనగానే మన ప్రభుత్వములకు ఆడంబరము తోచును. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కను 23 కిలోమీటర్ల సైకిలుబాట, పైన సూర్యశక్తి ఫలకముల కప్పుతో, 2023 అక్టోబరులో ప్రారంభింపబడినది. చక్కని నిర్మాణమే, వేకువను వ్యాయామము చేయువారికి ఉపకారమే. కాని కూరలకు పోవు గృహిణికి, పనికిపోవు తాపీమేస్త్రీకి, ట్యూషనుకు పోవు బాలికకు కావలసినది వీథికిని వీథికిని నడుమనున్న ఇరువది గజముల దారి. వాహనములను గాక మనుష్యులను చేరవేయుటయే ముఖ్యమని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానమే చెప్పినది. హాలండులోని హౌటెన్ పట్టణమున ఒక పేటనుండి మఱొక పేటకు కారులో పోవువారు ఊరిచుట్టు రోడ్డుమీదుగా పోవలెను. నడచువారికిని సైకిలువారికిని తిన్నని దారి యూరిలోపలనే కలదు. మన గేటులు దీనికి సరిగా తలక్రిందు.

కావున నగరాభివృద్ధి సంస్థలవారు లేఅవుటుకు అనుమతి నిచ్చుటకు ముందే గ్రామపటమును తెప్పించి, అందలి డొంకలను, పుంతలను, బండ్లబాటలను క్రొత్త ప్లానులో గుర్తింపవలెనని మేము కోరుచున్నాము. పటము కెక్కని కాలిదారులను గూర్చి ఊరివారిని విచారింపవలెను. ఇరుగుపొరుగు లేఅవుట్ల సందులు ఎదురెదురుగా కలియునట్లు చూడవలెను. ఒకరి సందు మఱొకరి గోడకు తగిలిన ప్రయోజనమేమి? ఆ దారులు గేటు లోపల గాక వెలుపల నుండి, పురపాలక సంఘమునకు రిజిస్టరు దస్తావేజుతో అప్పగింపబడవలెను. ఇదివఱకే కట్టిన కాలనీలలో గోడకొక చిన్న ద్వారము తెఱచుట సంఘ సభ్యుల చేతిలోని పని. అందులకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కఱలేదు. క్రొత్త వానికి మాత్రము సర్వేరాళ్లు నాటకముందే పూనుకొనవలెను. స్థలములు అమ్ముడువోయిన పిమ్మట డొంకను తిరిగి రాబట్టుటకు కోర్టులో ఎన్ని యేండ్లు తిరుగవలెనో భూతగాదాలు నడపిన మా పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు.