ముందు సీలేరు, ఆ తర్వాతే కొండగెడ్డలు

సాయంత్రం ఆరు దాటితే రాయలసీమ సోలార్ పలకలు చేతులెత్తేస్తాయి. ఇళ్లలో దీపాలూ ఏసీలూ వేసుకునేది సరిగ్గా అప్పుడే. పగలు మిగిలిన కరెంటుతో కింది జలాశయంలోని నీటిని పైకి తోడి, చీకటి పడ్డాక అదే నీటిని కిందికి వదిలి టర్బైన్లు తిప్పితే ఆ లోటు పూడుతుంది. పంప్డ్ స్టోరేజీ పథకాలు చేసేది ఈ పనే. వాటిని మొత్తంగా వద్దనే వాదన నిలవదు. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమగట్టులోనూ నీటిని వెనక్కి తోడగల యంత్రాలు ఏనాటినుంచో ఉన్నాయి. తగువల్లా ఈ పథకాల్ని ఎక్కడ కట్టాలి, ఏది ముందు, ఏది వెనుక అన్నదాని మీదే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వరుసను తిరగేసింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెదకోట దగ్గర 1000 మెగావాట్ల పథకాన్నీ, ఎర్రవరం దగ్గర 1200 మెగావాట్ల పథకాన్నీ ప్రైవేటు కంపెనీలకు కేటాయించింది. రెండూ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలే. ఆ ఊళ్ల గిరిజనులు మాకొద్దంటూ నిరసనలకు దిగారు.

పెదకోట ఉన్న అనంతగిరి మండలానికి ఇలాంటి తగాదా కొత్త కాదు. అక్కడి బొర్రా పంచాయతీ భూముల్లో గనుల లీజుల మీద మొదలైన వ్యాజ్యమే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు దాకా వెళ్లింది. షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వడం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. దేశమంతా ఉటంకించే తీర్పు పుట్టిన మండలంలోనే ప్రభుత్వం గ్రామసభను అడిగే ముందు కంపెనీని ఎంచుకోవడం విడ్డూరం.

మన్యంలో కొండవాగును గెడ్డ అంటారు. దానికి అడ్డంగా చిన్న కట్టు వేసి, వాలు చూసి కాలువ తీసి, మోటారు లేకుండానే పల్లపు మళ్లలో వరి పండిస్తారు. తాగునీళ్లు ఊటలవి. కొండ నెత్తిన ఉన్న బాక్సైటు పొరా, దాని కింద మెత్తబడిన ఖొండలైటు రాయీ వాననీటిని పీల్చుకుని, ఎండాకాలం దాకా కొద్దికొద్దిగా వదులుతుంటాయి. ఇది గిరిజనుల గోడు మాత్రమే అనుకునే మైదానం వాళ్లు ఒక్కసారి తమ కుళాయి వైపు చూసుకోవాలి. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తని తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది. శారద నది మీద రైవాడ జలాశయం ఉంది. విశాఖ నగరం ఈ రెండింటి నీళ్లూ తాగుతోంది.

అలాంటి కొండలో ఈ పథకాల కోసం సొరంగం తొలిస్తే ఏమవుతుందో ఎవరూ ముందుగా ఖాయంగా చెప్పలేరు. ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ దగ్గర తపోవన్ విష్ణుగాడ్ పథకం సొరంగం తవ్వుతున్న యంత్రం 2009 డిసెంబరు 24న భూగర్భ నీటిపొరను పొడిచింది. రోజుకు 6 నుంచి 7 కోట్ల లీటర్ల నీరు బయటికి తన్నుకొచ్చింది. హిమాలయం వేరు, తూర్పు కనుమలు వేరు, నిజమే. తూర్పు కనుమల రాయి చాలా పాతది, గట్టిది. కానీ ఊటలు బతికేది ఆ రాతి పగుళ్ల మీదే, సొరంగం కోసం పెట్టే పేలుడు కదిలించేదీ ఆ పగుళ్లనే.

కొండలే ఎందుకంటే, ఎత్తు పెరిగేకొద్దీ తక్కువ నీటితో ఎక్కువ కరెంటు వస్తుందని ఇంజనీర్లు చెబుతారు. అది కాదనలేని మాట. ఒకసారి నింపిన నీరే పైకీ కిందికీ తిరుగుతుంది కదా, గెడ్డకు నష్టమేమిటని కూడా అంటారు. ఆవిరైపోయే నీటిని ఏటా మళ్లీ నింపాలన్న సంగతి మాత్రం గొంతు తగ్గించి చెబుతారు. ఆ అవసరం ఎక్కువగా ఉండేది వేసవిలో. గెడ్డ సన్నబడేదీ అప్పుడే. పైగా ఈ పథకాలు కొత్తగా కరెంటు పుట్టించవు. 100 యూనిట్లు ఖర్చుపెట్టి తోడితే తిరిగొచ్చేది 75, 80. ఆ నష్టం ఎలాగూ తప్పనప్పుడు, దాని మీద ఒక సెలయేటిని కూడా పోగొట్టుకోవడం ఎందుకు?

వేరే చోట్లు లేవా అంటే ఉన్నాయి. సీలేరులో ఏపీ జెన్‌కో తలపెట్టిన 1350 మెగావాట్ల పథకానికి పైన గుంటవాడ, కింద డొంకరాయి జలాశయాలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. అక్కడా సొరంగాలు తవ్వాలి, అటవీ భూమి పోతుంది. అయినా కొత్తగా లోయను ముంచే పని లేదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నాటినుంచి సీలేరు నది కరెంటు కోసం ఊళ్లను పోగొట్టుకుంటూనే వచ్చింది. ఇంత మూల్యం చెల్లించిన నది ఉండగా, ఇంకా ఎవరూ ముట్టని గెడ్డల జోలికి పోవడం ఎందుకు? నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1680 మెగావాట్ల పథకాన్ని నదికి అడ్డుకట్ట వేయకుండానే, గోరకల్లు జలాశయం నీళ్లతో నింపేలా రూపొందించారు. బొగ్గు తీసేసి వదిలేసిన గనుల్ని కూడా వాడుకోవచ్చని 2023 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెప్పాయి. రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్టులో అలాంటి ప్రయత్నానికి సింగరేణి సిద్ధపడుతోంది.

కాబట్టి ప్రభుత్వం ముందు పాత జలాశయాలూ, గనుల గుంతలూ, మెట్ట గుట్టలూ ఎన్ని మెగావాట్లు ఇవ్వగలవో లెక్క తీయాలి. అవి చాలకపోతేనే గెడ్డల మాట ఎత్తాలి. ఎత్తినా, కనీసం రెండు వేసవుల పాటు ఆ గెడ్డలో, దాని చుట్టుపక్కల ఊటల్లో పారే నీటిని కొలిచి, ఆ అంకెల్ని గ్రామసభలో చదివి వినిపించాలి. పెదకోట, ఎర్రవరం కేటాయింపుల్ని అప్పటిదాకా పక్కన పెట్టాలి.

— ఒక పాఠకుడు, చోడవరం