వర్చువల్ సర్వరైతే రూట్ పంచిపెట్టొచ్చా?

"అది వర్చువల్ సర్వరే కదా, టీమందరికీ రూట్ పాస్‌వర్డ్ ఇచ్చేయండి. తేడా వస్తే స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్దాం." ఈ మాట తరచూ వినబడేదే. నవ రాయ్‌పూర్‌లో 2025 మేలో ర్యాక్‌బ్యాంక్ ఏఐ డేటా సెంటర్‌కు శంకుస్థాపన జరిగింది. అద్దె సర్వర్లు ఇంటి గుమ్మం దాకా వస్తున్న ఇలాంటి ఊళ్లో ఈ సలహా ఇంకెంతమంది చెవిన పడుతుందో. అందులో ప్రతి ముక్కా తప్పే.

గెస్ట్‌లో, అంటే వర్చువల్ సర్వర్‌లో, ఏం చేసినా దాన్ని మోసే అసలు యంత్రానికి, అంటే హోస్ట్‌కు, అంటదన్న ధీమా సంగతి ముందు. 2015లో బయటపడ్డ వీనమ్ అనే లోపం, వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఈఎంయూలోని వర్చువల్ ఫ్లాపీ కంట్రోలర్‌లో 2004 నుంచీ నక్కి ఉంది. ఫ్లాపీ ముఖం ఎవరూ చూడకపోయినా ఆ కోడ్ మాత్రం నడుస్తూనే ఉంది. లినక్స్ గెస్ట్ నుంచి దాన్ని వాడుకోవాలంటే కావలసింది రూట్. అంటే మనం పంచిపెట్టేది అదే! ఇలాంటివి అరుదు, ఒప్పుకుంటాను.

అరుదు కానిది స్నాప్‌షాట్ భ్రమ. వెనక్కి తిప్పితే డిస్క్ తిరిగొస్తుంది, బయటికి పోయిన కస్టమర్ల డేటా రాదు. పైగా లాగులు కూడా ఆ డిస్క్ మీదే ఉంటే, చొరబడినవాడి జాడను మన చేత్తోనే చెరిపేసినట్టు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, చొరబాటు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి. ఏం చూపించి చెబుతారు? పాత స్నాప్‌షాట్‌లో పాత పాస్‌వర్డే ఉంటుంది, వేయని ప్యాచ్‌లూ అలాగే ఉంటాయి. దొంగలు పడ్డ ఇంటికి మళ్లీ అదే తాళం వేయడమన్నమాట.

అందరూ రూట్‌గానే లాగినైతే లాగులో ప్రతిసారీ కనబడేది రూట్ అన్న ఒక్క పేరే. డేటాబేస్ ఫోల్డర్ లేపేసింది కొత్త కుర్రాడా, మానేసి వెళ్లిన కాంట్రాక్టరా? తేలదు. సొంత ఖాతా నుంచే రూట్ పనులు చేయనిచ్చే సుడోతో అయితే ఎవరు చేసింది వాళ్ల పేరు మీదే లాగులో పడుతుంది. సుడోలోనూ లోపాలున్నాయంటారు. నిజమే, 2021 జనవరిలో బయటపడ్డది 2011 నుంచీ ఉన్నదే. దానికి మందు అప్‌డేట్, పాస్‌వర్డ్ పంపకం కాదు.

ఇంకో దురలవాటు, ఒకే టెంప్లేట్‌ను శుభ్రం చేయకుండా క్లోన్ చేయడం. రూట్ పాస్‌వర్డ్, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు అన్నిట్లో అవే. ఒక్క పాస్‌వర్డ్ పోతే చాలు, అన్ని సర్వర్లూ తెరుచుకుంటాయి. 2015 ఆగస్టులో వచ్చిన ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 7.0 రూట్‌కు పాస్‌వర్డ్ లాగిన్‌ను డిఫాల్ట్‌గా ఆపేసింది. సౌకర్యం కోసమని సెట్టింగుల ఫైల్లో ఆ లైన్‌ను మళ్లీ 'యెస్' చేసేది మనమే.