యాదృచ్ఛికమనే సాకుకు ఒక లెక్క ఉంది

విశ్వవిద్యాలయ నియామకాల్లో ఫలానా కులాల వారు ఎందుకు లేరని అడిగినప్పుడల్లా వినిపించే జవాబు ఒకటే: ‘ఈసారి అలా కుదిరింది, కావాలని చేసింది కాదు.’ ఈ జవాబు నిజం కావచ్చు, అబద్ధమూ కావచ్చు. దాన్ని తేల్చడానికి ఆవేశం చాలదు, ఎంపిక చేసినవారి పెద్దమనిషితనం మీద నమ్మకమూ చాలదు. ‘అలా కుదరడం’ ఎంతవరకు సాధ్యమో కొలిచే శాస్త్రం ఉంది. సంభావ్యత, శాంపిలింగ్ డిస్ట్రిబ్యూషన్ అనే పేర్లతో ఏటా కొత్త విద్యార్థులకు నేను బోధించేది దాన్నే. పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయే ఆ పాఠం సామాజిక న్యాయం కోరేవారికి అక్కరకొచ్చే ఆయుధం.

ఒక రాష్ట్ర జనాభాలో సరిగ్గా సగం మంది ఒక వర్గం వారనుకుందాం. చీటీలు తీసినట్టు 100 మందిని ఎంచితే అందులో 50 మంది వారే ఉండాలని లేదు. 47 మంది రావచ్చు, 54 మంది రావచ్చు. అదే ఎంపికను వేలసార్లు చేసి, వచ్చిన అంకెలన్నిటినీ పేర్చి చూస్తే మాత్రం ఒక క్రమం కనిపిస్తుంది. నూటికి దాదాపు 95 సార్లు ఆ అంకె 40కి, 60కి మధ్యనే ఉంటుంది. ఆ పేర్పే శాంపిలింగ్ డిస్ట్రిబ్యూషన్. అంకెలు సగటు నుంచి ఎంత దూరం చెదురుతాయో చెప్పే కొలత క్రమవిచలనం. ఇక్కడ అది 5. ఎంచే సంఖ్యను 10,000కు పెంచితే ఆ చెదురుబాటు 5 శాతం నుంచి అర శాతానికి పడిపోతుంది. సంఖ్య పెరిగేకొద్దీ, యాదృచ్ఛికం మాటున తలదాచుకునే చోటు తగ్గిపోతుందన్నమాట.

ఈ తర్కాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1977లోనే ఒక తీర్పులో వాడింది. కాస్టనెడా వర్సెస్ పార్టీడా కేసు అది. టెక్సస్ రాష్ట్రంలోని హిడాల్గో కౌంటీ జనాభాలో మెక్సికన్ అమెరికన్లు 79.1 శాతం. పదకొండేళ్లలో గ్రాండ్ జ్యూరీ విధులకు పిలిచిన 870 మందిలో వారు 339 మందే. వివక్ష లేకపోతే సుమారు 688 మంది ఉండాలి. క్రమవిచలనం 12. అంటే వ్యత్యాసం 29 క్రమవిచలనాలు! రెండు మూడు క్రమవిచలనాలు దాటితేనే యాదృచ్ఛికమన్న వాదనను సామాజిక శాస్త్రవేత్తలు అనుమానిస్తారని కోర్టు గుర్తుచేసింది. వివక్ష జరగలేదని నిరూపించుకోవలసిన భారాన్ని ప్రభుత్వం మీద మోపింది. ఎవరి మనసులో ఏ ద్వేషం ఉందో బాధితుడు తవ్వి చూపాల్సిన అవసరం లేకపోయింది.

మన దేశంలో ఇదే గణితాన్ని తలకిందులు చేసే ప్రయత్నం ఒకటి జరిగింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక రిజర్వేషన్లకు మొత్తం విశ్వవిద్యాలయాన్ని కాక, ఒక్కో విభాగాన్ని యూనిట్‌గా తీసుకోవాలని అలహాబాద్ హైకోర్టు 2017లో తీర్పు చెప్పింది. 2018 మార్చిలో యూజీసీ ఆ మేరకు ఉత్తర్వులిచ్చింది. దాంతో 200 పాయింట్ల రోస్టర్ స్థానంలో 13 పాయింట్ల రోస్టర్ వచ్చింది. ఆ రోస్టర్‌లో ఓబీసీకి మొదటి అవకాశం నాలుగో పోస్టులో, ఎస్సీకి ఏడో పోస్టులో దక్కుతుంది. ఎస్టీ పద్నాలుగో పోస్టు దాకా ఆగాలి. మూడే పోస్టులున్న విభాగంలో ఎవరికీ ఏమీ రాదు. దేశవ్యాప్త ఆందోళనల తర్వాత కేంద్రం 2019 మార్చిలో ఆర్డినెన్స్ తెచ్చి, ఆ తర్వాత చట్టం చేసి, సంస్థనే యూనిట్‌గా పునరుద్ధరించింది.

దీన్ని కేవలం పరిపాలనాపరమైన వివాదంగా చూస్తే అసలు విషయం చేజారుతుంది. తెలంగాణ 2024 కుల సర్వే ప్రకారం రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతం. రిజర్వేషన్ అనేదే లేదని, అవకాశాలు మాత్రం నిజంగా సమానమని ఊహిద్దాం. మూడు పోస్టుల విభాగంలో ఒక్క ఎస్సీ కూడా లేకపోయే సంభావ్యత 56 శాతం. ‘అలా కుదిరింది’ అంటే తోసిపుచ్చలేం. అలాంటి విభాగాలు ఇరవై ఉన్న సంస్థలో, మొత్తం 60 పోస్టుల్లోనూ ఒక్కరూ లేకపోయే సంభావ్యత ఎంత? లక్షలో ఒకటి! విడివిడిగా చూస్తే ఇరవై విభాగాలూ నిర్దోషులే, కలిపి చూస్తే సంస్థ జవాబు చెప్పి తీరాలి. యూనిట్‌ను ముక్కలు చేయడమంటే రిజర్వేషన్‌ను ఎగ్గొట్టడమే కాదు, వివక్ష బయటపడే దారిని కూడా మూసేయడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పోల్చవలసింది జనాభాతో కాదు, అర్హులైన అభ్యర్థులతో అంటారు. సబబైన మాటే. అయితే ఆ అభ్యర్థుల లెక్క ఎవరి దగ్గరుంది? దరఖాస్తు చేసినవారు, ఇంటర్వ్యూకు పిలిచినవారు, ‘తగినవారు దొరకలేదు’ అన్న ముద్రతో వెనక్కి పంపినవారు ఎందరో సంస్థలకే తెలుసు. లెక్కలు తమ దగ్గర పెట్టుకుని, లెక్క తప్పని ఎదుటివారిని వేలెత్తి చూపడం న్యాయం కాదు.

మనవైపు పాటించవలసిన క్రమశిక్షణా ఉంది. మూడు పోస్టుల ఫలితాన్ని చూపి వివక్ష రుజువైందని ప్రకటిస్తే, రేపు అరవై పోస్టుల రుజువుకు కూడా విలువ పోతుంది. పైగా ఈ గణితం యాదృచ్ఛికాన్ని కొట్టివేయగలదు గానీ నేరస్తుడి పేరు చెప్పదు. తప్పు పాఠశాలలో జరిగిందా, పరిశోధక సీట్ల దగ్గరా, ఇంటర్వ్యూ గదిలోనా అన్నది దశలవారీ లెక్కలే తేల్చాలి.

అందుకే తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ప్రతి నియామక ప్రకటనకూ దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, ఎంపికలు, మిగిలిపోయిన ఖాళీలను సామాజిక వర్గాల వారీగా, పదేళ్లకు కలిపి ప్రకటించాలి. విద్యార్థి సంఘాలు ఈ డిమాండ్‌ను తమ పోరాట పత్రంలో చేర్చాలి. నిజంగా ‘అలా కుదిరినదే’ అయితే అంకెలు ఆ మాటే చెబుతాయి. అప్పుడు అంకెలు బయటపెట్టడానికి భయమెందుకు?