టెన్సులంటే టెన్షనెందుకు?

మా బాబుకి మార్కులు తగ్గాయని స్కూలుకి పిలిచారు. 'డైలీ ఐ విల్ టీచ్ హిమ్' అన్నాను. 'అయితే ఇన్నాళ్ళూ చదివించలేదా?' అన్నారు టీచరు. రోజూ కూర్చోబెట్టి చదివించే నాకు తల కొట్టేసినట్లయింది.

తప్పెక్కడో తర్వాత తెలిసింది. మన తెలుగులో 'రోజూ చదివిస్తాను', 'రేపట్నుంచి చదివిస్తాను' - రెండింటికీ క్రియ ఒకటే. ఇంగ్లీషులో అలా కాదు. అలవాటుగా చేసేదానికి 'ఐ టీచ్', ఇకమీదట చేయబోయేదానికి 'ఐ విల్ టీచ్' అనాలి. ఈ తేడా చెప్పకుండా పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ పట్టిస్తే ఏం లాభం? తెలుగుతో పోల్చి నేర్పాలంటాను నేను. తప్పు మాట్లాడితే తెలివి లేనట్టు కాదు. అమ్మభాష అలవాటు, అంతే! అందుకని నోరు మూసుకుని కూర్చోకండి. మొన్న అదే టీచరుతో ధైర్యంగా 'ఐ టీచ్ హిమ్ డైలీ' అన్నాను.